గాలి పైపు

సింకు నోరు మూసుకుంది. ఇప్పటికి మూడుసార్లు నల్లా తిప్పి చూశాను, మూడుసార్లూ నీళ్ళు చిన్నగా సుడి తిరిగి చప్పుడు లేకుండా దిగిపోయాయి. మే నెల నుంచి ఇవాళ పొద్దుటి దాకా, ఐదు నెలలు, పైన బాత్రూంలో ఎవరు బకెట్టు కుమ్మరించినా కింద వంటింట్లో గుడగుడమని, ఎవరో గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టు, అన్నం తింటున్నవాళ్ళకు ముద్ద దిగకుండా మోగిన సింకు ఇదే. పదకొండు గంటలకు పెరట్లో సెప్టిక్ ట్యాంకు మీది బండ జరపగానే దానికి ఊపిరి ఆడింది, అప్పటి నుంచి కిమ్మనడం లేదు. మోగితే బాగుండు. ఒక్కసారి గుడగుడమంటే ఈ ఇంట్లో నేనొక్కణ్ణే లేననిపిస్తుంది. నా భార్య హేమలత, పక్కింటి దత్తు కలిసి, ట్యాంకు పనికి వచ్చిన రాయమల్లును అంబులెన్సులో పెద్దాస్పత్రికి తీసుకుపోయారు, నేను ఉండిపోయాను. ఉండిపోవడానికి కారణం ఉంది. రాయమల్లు భార్య భాగ్యలక్ష్మి విరూర్ నుంచి బయల్దేరింది, రాజురాలో బస్సు మారి, వార్ధా వంతెన దాటి, బల్లార్‌పూర్ మీదుగా రావాలి, గంట పైనే పడుతుంది. ఆమెకు ఈ ఇల్లు తెలుసు, పోయిన ఏడు మా బాత్రూం పని చేసినప్పుడు మొగుడికి పైపులు అందించింది, ఆస్పత్రి మాత్రం తెలియదు. ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఉండాలి కదా. కళ్ళు తిరిగి పడ్డడమ్మా, భయం లేదు అని ఫోన్‌లో చెప్పాను. ఇవాళ నేనాడిన అబద్ధాల్లో అది రెండోది.

మొదటిది చాలా చిన్నది. అంత చిన్న అబద్ధం ఇంట్లో రోజుకు పది ఆడతాం, మందు బిళ్ళ వేసుకున్నానని, గేటుకు గొళ్ళెం పెట్టానని. గట్టు మీద చాయ గ్లాసు అలాగే ఉంది, పైన మీగడ కట్టింది, అందులో ఒక చీమ. రాయమల్లు కోసం పెట్టిన చాయ. పారబోయడానికి చెయ్యి రావడం లేదు. పారబోస్తే అతను ఇక తాగడని నేనే తేల్చేసినట్టు అవుతుంది. అంబులెన్సు ఎక్కించేటప్పుడు ఛాతీ కదిలింది, నేను చూశాను, దత్తు కూడా చూసి "శ్వాస్ ఆహే, శ్వాస్ ఆహే" అని మరాఠీలో అరిచాడు, ఊపిరి ఉందని. కదిలింది ఛాతీయా, స్ట్రెచరా? ఆ రోడ్డంతా గుంతలే. వద్దు, ఛాతీయే. పాలిపోయి, సీసంలాగా ఉన్న ఆ ముఖం మీద ఈగ వాలితే హేమలత కొంగుతో తోలింది. ఐదు నెలలుగా నాతో సరిగ్గా మాట్లాడని మనిషి, పోతూ పోతూ వెనక్కి తిరిగి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది. ఆమెకు తెలుసు, వంటింటి కిటికీలోంచి అంతా విన్నది. ఆమె వింటోందనే కదా నేనలా చెప్పింది.

ఎండాకాలంలో ఈ ఊళ్ళో ఇంట్లో పడుకునేవాడు ఎవడున్నాడు? పొద్దుగూకగానే మేడ మీద బకెట్ల కొద్దీ నీళ్ళు చల్లి, బండలు చుయ్యిమని ఆవిరి కక్కాక నవారు మంచాలు వేసుకుంటాం. మా మేడ మీద ఈశాన్యం మూలకే గాలి బాగా తగులుతుంది, సరిగ్గా ఆ మూలనే ట్యాంకు గాలి పైపు పిట్టగోడ దాటి మూరెడు పైకి లేచి ఉంటుంది. కట్టినప్పుడే ఎత్తు పెంచమన్నాడు మేస్త్రి, నేనే చాలన్నాను. మేలో హేమలత తమ్ముడు హరిప్రసాద్ పిల్లాజెల్లాతో వచ్చాడు. అందరం వరసగా పడుకుని ఉండగా గాలి తిరిగింది. వాడు దుప్పటి ముక్కుకు అడ్డం పెట్టుకుని, "బావా, మీ మేడ మీద పండుకుంటే సర్గమే, కాకుంటే తొవ్వల సెప్టిక్ ట్యాంకు దాటుకుంట పోవాలె" అన్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు, హేమలత కూడా నవ్వింది. బావమరిది పరాచికం, నవ్వేసి ఊరుకోవాల్సింది. నాకు మండింది. ముప్పై ఏళ్ళు థర్మల్ ప్లాంటులో పైపుల మధ్య బతికినవాణ్ణి, నా ఇంటి పైపు గురించి బట్టల కొట్టువాడు జోకులా? తెల్లారగానే బజారుకు పోయి పీవీసీ మూత తెచ్చాను, సొల్యూషన్ రాసి పైపు నోటికి బిగించాను, వాడిని పిలిచి చూపించాను కూడా. ఇప్పుడు వాసన చూడరా అన్నాను. గాలి పీల్చి చూసి దండం పెట్టాడు వెధవ. ఆ పూట నాకెంత సంతోషమో. అప్పుడే పైన ఎవరో స్నానానికి నీళ్ళు వదిలారు, కింద సింకు మొదటిసారి గుడగుడమంది.

ప్లాంటులో ఒక పైపు నోరు మూస్తే దానికి ఎర్ర చీటీ కట్టాలి. ఎవరు మూశారు, ఎప్పుడు, ఎందుకు, ఎప్పుడు తీస్తారు. చీటీ కట్టకుండా వదిలిన ఫిట్టరును నేను గేటు దాకా నడిపించి పంపించాను ఒకసారి. మనిషి ట్యాంకులోకి దిగాలంటే నా సంతకం కావాలి. నా సంతకం కావాలంటే రెండు వైపులా తెరవాలి, గాలి ఆడాలి, గ్యాసు మీటరు పెట్టి చూడాలి, బయట తాడు పట్టుకుని ఒకడు నిలబడాలి. పని ఆగిపోతోందని పైవాళ్ళు ఫోన్ చేసినా కదిలేవాణ్ణి కాదు. సంతకం పెట్టని అచ్యుతరావు అనేవాళ్ళు. ఈయన శోభనం గదికి కూడా మీటరు పట్టుకుపోయుంటాడని క్యాంటీన్‌లో నవ్వుకునేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి, లోపల గర్వంగా ఉండేది. అన్నేళ్ళలో నా చేతి కింద ఒక్క మనిషి పోలేదు. రిటైరైన రోజు శాలువా కప్పి ఆ మాటే మైకులో చెప్పారు. ఆ మాట మీదనే రెండేళ్ళుగా బతుకుతున్నాను.

సింకు కోసం నేను చెయ్యనిది లేదు, అదీ చెప్పుకోవాలి. సింకు కింద గిన్నెలాంటి ట్రాపు విప్పాను, అందులో అన్నం మెతుకులు, కొత్తిమీర కాడలు, హేమలత ఎప్పుడో పోగొట్టుకున్న చెవి దిద్దు శీల. కడిగి బిగించాను. గుడగుడ. ట్రాపే మార్చేశాను. గుడగుడ. సోడా పోసి వేడినీళ్ళు పోశాను, రబ్బరు గిన్నె పెట్టి గుంజాను, తీగ పెట్టి పొడిచాను, ఎక్కడా అడ్డు లేదు. నీళ్ళకు అడ్డు లేదు, గాలికే అడ్డు. ఇది నాకు తెలియదా? తెలుసు. రెండో రోజే తెలుసు. తెలిసినా వంగి, మోకాళ్ళు నొప్పెట్టేలా సింకు కిందే వెతికాను, పైకి పోలేదు. మే నెలాఖరులోనే హేమలత నూనె డబ్బా నా ముందు పెట్టింది. "దీనికి రెండు తూట్లు ఎందుకు కొడ్తం? ఒక్కదాంతోని నూనె సాఫుగ వస్తదా? మీరు మీద మూసినప్పటిసంది ఇది మొత్తుకుంటుంది" అంది. ఏడో తరగతి చదివిన మనిషి, సూటిగా తగిలేలా చెప్పింది. నేనేమన్నాను? సింకుకూ దానికీ సంబంధం లేదు, నీకు తెలియని విషయాల్లో తల దూర్చకు అన్నాను. అంతే, మా మధ్య తలుపు మూసుకుంది. ఆ తర్వాత సింకు మోగినప్పుడల్లా ఆమె మాట్లాడేది కాదు, చేస్తున్న పని ఆపి నా ముఖం చూసేది. ఐదు నెలలు. ఒక ఆక్సా బ్లేడు పట్టుకుని పది మెట్లెక్కితే పోయేదానికి.

వానలు తగ్గాక స్నానాల గదిలో కుళ్ళిన గుడ్డు వాసన మొదలైంది. అప్పుడిక తప్పక రాయమల్లుకు ఫోన్ చేశాను. ఇవాళ పదింపావుకు వచ్చాడు, చొక్కా విప్పి మడిచి బండి సీటు మీద పెట్టాడు, పైన ఒక బకెట్టు కుమ్మరించి వచ్చి సింకు దగ్గర చెవి పెట్టి, వైద్యుడు నాడి చూసినట్టు విన్నాడు. లేచి తుండుతో చెయ్యి తుడుచుకుంటూ అడిగాడు. "సారూ, మీద గాలి పైపు తెరిచే ఉన్నదా?" కిటికీ అవతల హేమలత చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆమె చెయ్యి ఆగింది. ఆ ఆగడం నాకు కనపడింది. తెరిచే ఉంది, పొద్దున్నే చూసొచ్చిన అన్నాను. ఒకసారి ఎక్కి చూస్తానని మెట్ల వైపు తిరిగాడు, అతనికి కుడి మోకాలు వాపు, నీకెందుకయ్యా ఆ తిప్పలు, నేను చెప్తున్న కదా అన్నాను. ఎంత దయగా అన్నానో. అతను నవ్వి, "మీకు చెప్పేదేమున్నది సారూ, ప్లాంటుల చేసినోళ్ళు" అన్నాడు. సాయంత్రం అతను పోయాక పైకెక్కి చడీచప్పుడు లేకుండా మూత కోసేద్దామనుకున్నాను. ట్యాంకు కడిగించినందుకే సింకు బాగుపడిందని హేమలతతో అందామనుకున్నాను. అంతా లెక్కగా ఉంది.

బండ జరిపాడు. నాకు వాసన వచ్చింది, నాకు, ఇరవై అడుగుల దూరాన. అప్పుడన్నా చెప్పాల్సింది. ఒక్క మాట. కాసేపు ఆగు, చాయ తాగు అని మాత్రం అన్నాను. దాన్ని నేను మాటగా లెక్కేసుకుంటున్నాను ఇప్పుడు, ఎంత సిగ్గులేని మనసో చూడండి. "మామూలుగనైతే పూటసేపు ఇడిచిపెడ్త సారూ. గాలి పైపు తెరిచి ఉన్నది గద, ఉన్న ఇసపు గాలంత మీదికే పోయుంటది" అని బోర్లా పడుకున్నాడు, లోపలి పైపు నోట్లో ఏమైనా ఇరుక్కుందేమో చూడటానికి చెయ్యి దించాడు, భుజం దించాడు, తల దించాడు. అరవలేదు. చేతిలోని ఇనుప కడ్డీ నీళ్ళలో పడ్డ చప్పుడొక్కటే. కాళ్ళు రెండూ బయట, పాదాలు పక్కలకు వాలిపోయాయి, చెప్పులు పక్కనే జతగా పెట్టి ఉన్నాయి. నేను పరిగెత్తాను. పరిగెత్తి రెండడుగుల దూరంలో ఆగాను. రెండోవాడు పోకూడదని నేనే నేర్పాను అందరికీ, ముందు పడ్డవాడి కోసం మాస్కు లేకుండా దిగిన రెండోవాడూ పోతాడని గోడల మీద రాయించాను. నిజమే, అది నిజమే. కానీ నేనాగింది దానికేనా? అక్కడ నిలబడి నేను చూసింది అతన్ని కాదు, మేడ మీది పైపు వైపు చూశాను. తల ఎత్తి చూశాను. ఏ పాఠమూ చదవని దత్తు గోడ దూకి వచ్చి, "అరే పకడా" అంటూ రాయమల్లు కాళ్ళు పట్టుకున్నాక గానీ నా చేతులు కదల్లేదు.

చొక్కా ఇంకా బండి సీటు మీదే ఉంది. జేబులోని ఫోన్ నా దగ్గరుంది, అందులో ఆమె పేరు మరాఠీ అక్షరాల్లో ఉంది, ఈ వైపు పుట్టినవాళ్ళకు తెలుగు నోట్లోనే, రాతలో లేదు. బల్లార్‌పూర్ దాటానని ఇందాక చేసింది. లేచిండా సారూ అని అడిగింది. డాక్టర్లు చూస్తున్నరు అన్నాను. మూడోది. బ్యాటరీ నాలుగు గీతల్లో ఒకటే మిగిలింది, ఆమె వచ్చేలోపు ఛార్జింగు పెట్టాలి, పెడితే ఏమవుతుంది, ఎవరికి కావాలి ఇక ఈ ఫోన్, లేదు లేదు, కావాలి, రేపో ఎల్లుండో లేచి కూర్చుని నా ఫోనేదని అడుగుతాడు. అడిగితే చెప్తాను. పూర్తిగా చెప్తాను, కాళ్ళు పట్టుకుంటాను, లేచి కూర్చుంటే చాలు. బేరమాడుతున్నాను. ఎవరితో? ఈ సింకుతోనా?

నా ఫోన్ మోగింది. హేమలత. వెనక ఎవరో మరాఠీలో పేర్లు పిలుస్తున్నారు. "పోయిండు" అంది. "తెచ్చేటాల్లకే లేదన్నరు. తొవ్వలనే." ఆ తర్వాత గొంతు బాగా తగ్గించింది. "పోలీసులు రాసుకుంటున్నరు. ఇంటికి వచ్చి చూస్తరట. మీద ఆ మూత తీసెయ్యండి. ఇంటున్నరా? జల్ది తీసెయ్యండి, నేనేం చెప్ప." పెట్టేసింది. ఐదు నెలలుగా నా తప్పును నా ముఖాన చూపించాలని చూసిన మనిషి. తప్పు ఇంత పెద్దదయ్యాక కొంగు కింద దాస్తానంటోంది. ఏడుపొచ్చింది నాకు, రాయమల్లు కోసమో నా కోసమో చెప్పలేను. కానీ కాళ్ళు లేచాయి, చెయ్యి పనిముట్ల పెట్టెలోంచి ఆక్సా బ్లేడు తీసింది.

మేడ మీద ఎండ. పిట్టగోడ మీద, తాడు మీద, పైపు మీద బొగ్గు మసి, ఈ ఊళ్ళో తుడిచిన సాయంత్రానికి మళ్ళీ పేరుకునేదే. మూత నల్లగా ఉంది, ఎప్పటి నుంచో అక్కడే పుట్టినట్టు. బ్లేడు ఆనించి నాలుగుసార్లు లాగాను, సన్నటి గాడి పడింది, తెల్లటి పొడి రాలింది. నల్లటి పైపు మీద తెల్లటి గీత. గుడ్డివాడికైనా కనపడుతుంది కొత్తగా కోసిందని. మూత తీసేసినా అంచు తెల్లగా ఉంటుంది, పోలీసు వేలితో తడిమి ఎప్పుడు కోశారంటాడు. నేను ఏం చేశానో చెప్తాను. పిట్టగోడ మీది మసిని వేలితో తీశాను, ఉమ్ముతో తడిపాను, ఆ గాడిలో రుద్దాను. బాగా కలిసింది. ఇంకొంచెం తీసి రుద్దాను. పని బాగా కుదురుతున్నప్పుడు మనసుకు కలిగే చిన్న తృప్తి ఉంటుంది చూడండి, అది కలిగింది. ఆ తృప్తి కలిగినందుకు నా మీద నాకు పుట్టినంత అసహ్యం ఇంతకుముందు ఎప్పుడూ ఎరగను. అప్పుడే కింద గేటు చప్పుడైంది.

"సారూ" అని పిలుపు. కిందికి చూశాను. భాగ్యలక్ష్మి, భుజాన సంచి, చేతిలో టిఫిను డబ్బా. మొగుడు లేచాక తింటాడని తెచ్చినట్టుంది. బండి సీటు మీది చొక్కా తీసి దులిపి భుజాన వేసుకుంది, పైపు దగ్గర నన్ను చూసి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని అడిగింది. "దవాఖాన నుంచి వచ్చిండా సారూ ఆయన? మీద పని చేస్తుండా?"

లేడమ్మా, వస్తున్నా అన్నాను. మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టూ లెక్కపెట్టాను, ఎన్నో గుర్తు లేదు. చేతిలో బ్లేడు, వేళ్ళకు మసి. ఆమె ముందు నిలబడి, ఆస్పత్రికి తీసుకుపోయేలోపే పోయిండమ్మా అన్నాను. ఆమె అర్థం కానట్టు నా నోటినే చూసింది. డబ్బా చేతిలోంచి జారలేదు, మెల్లగా కింద పెట్టింది, ఆ పక్కనే కూర్చుంది. అప్పుడు వచ్చింది ఏడుపు, పొట్టలోంచి, నిలువెల్లా ఊపేస్తూ. గోడ మీంచి ఇరుగుపొరుగు తలలు లేచాయి. గేటు ముందు ఆటో ఆగింది, హేమలత దిగింది, ఆమె ముందు నా చేతి వైపు చూసింది, బ్లేడు వైపు. తీశారా అన్నట్టు కళ్ళతో అడిగింది. ఆమె వెనకే దత్తు, అతని వెనక బండి మీద ఒక పోలీసు.

భాగ్యలక్ష్మి ఏడుపు మధ్యలో ఆపింది. చొక్కా అంచుతో ముఖం తుడుచుకుంది. పెరట్లో తెరిచిన ట్యాంకునూ, పక్కన జతగా ఉన్న చెప్పులనూ చూసింది. పైపులు అందించిన మనిషి, పనిలో ఏది ముందో ఏది వెనకో ఆమెకు తెలుసు.

"బండ తీసి పూటసేపు ఆగుతడు సారూ ఆయన. ఇరవై ఏండ్ల సంది ఆగుతుండు. గాలి పైపు మంచిగుంటెనే ఆగకుండ చెయ్యి పెడ్తడు." నా ముఖంలోకి చూసింది. "గాలి పైపు తెరిచే ఉన్నదా సారూ?"

అదే మాట. హేమలత అప్పుడు కిటికీ అవతల ఉన్నంత దూరంలోనే ఇప్పుడూ నిలబడింది. తల అడ్డంగా ఊపింది, ఎవరికీ కనపడనంత కొంచెం. పోలీసు పుస్తకం తీస్తున్నాడు.

"లేదమ్మా" అన్నాను. "నేనే మూసిన. ఆయన నన్నడిగిండు. తెరిచే ఉందని చెప్పిన."